తవుడు

మిర్యాలగూడల ఇరవై ఎనిమిదేండ్లు
ఒక్క మిల్లులనె పాలిషర్ కాడ నిలవడ్డ.
బేరింగు ఎండితె చెవుతోనె పట్టేటోణ్ణి.
బెల్టు జర పక్కకు జారితె
నిద్రల ఉన్నా లేసి కూసునేటోణ్ణి.
నా రొమ్ముల సప్పుడు మారింది మాత్రం
వినవడలే.

షిఫ్టు దిగేటప్పుడు ఎడమ జబ్బ గుంజింది.
బస్తా ఎత్తిన నొప్పనుకున్న.
బస్తా ఎత్తక పదేండ్లాయె.
హమాలి పెంటయ్య సేటు కారుల ఏసుకొని
నల్గొండ దాక తీస్కవోయిండు.
దారి పొడుగుత ఏదో ఒకటి అడుగుతనే ఉన్నడు,
నేనేడ కండ్లు మూస్తనోనని.

డాక్టరమ్మ నా బిడ్డ కన్న చిన్నది.
"ఏం పని చేస్తవ్ పెద్దాయనా?"
"బియ్యం తెల్లగ చేస్తనమ్మా."
రాసేది ఆపింది.
"తీసిన తవుడంత ఏడికి పోతది?"
"నూనె మిల్లుకు. మిగిలింది బర్లకు."
"మరి బర్ల గుండె ఎట్లున్నది?"
నవ్విన.
నవ్వితె రొమ్ము గుంజింది.

ఇంటికొచ్చినంక
ఉప్పు డబ్బ మీద పెత్తనం ఈదమ్మది.
పప్పుల చింతపులుసు జర పెంచి
ఉప్పు తగ్గిన సంగతి నాలికెకు తెల్వకుంట దాసింది.
నాలికె వారం రోజులు పోట్లాడింది.
ఆ తర్వాత పుంటికూరల రుచి
తనంతట తానె ఎతుక్కున్నది.
మామిడికాయ తొక్కు జాడి
అటుక మీద, పాత చాట ఎనక.
నాకెరుకే.
నాకెరుకైన సంగతి ఆమెకూ ఎరుకే.
ఆదివారం ఒక్క బద్ద
ఏం మాట్లాడకుంట ఇద్దరం పంచుకుంటం.

బీడీల సంగతి ఆమె అడగలే.
నేనే కట్ట తీస్కవోయి సాగర్ కాల్వల ఏసిన.
మునగలే. తేలుకుంట పోయింది.
దాని ఎంబడి నూరడుగులు నడిసిన,
ఇంకో నూరు,
మల్లొక తూము దాక.
కట్ట మాయమైంది గని కాళ్లు ఆగలే.
గదే నా మొదటి వాకింగు.

ఇప్పుడు రోజు పొద్దుగాల్ల కాల్వకట్ట మీద
మదార్ సాబ్, నేను.
ఆయన పాత గుండె పేషెంటు, నాకు సీనియర్.
"నడుస్తుంటె మాట రావాలె భాయ్,
పాట మాత్రం రావద్దు.
పాటొస్తె మెల్లగ నడుస్తున్నవన్నట్టు.
మాట రాకుంటె, కూసో."
అరగంట గట్ల నడిసి
వేపచెట్టు కింద దమ్ము తీసుకుంటం.
దమ్ము అంటె గాలే.

కాల్వ రాకముందు మా అమ్మ
జొన్న గట్కల సల్ల పోసి
ఉల్లిగడ్డ చేత్తోని పలగ్గొట్టి పెట్టేది.
తెల్లబువ్వ పెండ్లి నాడు. లేకుంటె దినం నాడు.
కాల్వొచ్చింది. వరొచ్చింది. మిల్లొచ్చింది.
మూడు పూటల తెల్లబువ్వ తిన్న నాడు
గెలిచినమనుకున్నం.
తప్పనను.
కడుపు కాలినోనికి తెలుపు ఎంత అందమో
కడుపు నిండినోళ్లకేం తెలుసు.

ఇప్పుడు రాత్రికి జొన్నరొట్టె,
బొబ్బర్ల గుడాలు.
చాయ్‌ల షక్కెర అర చెంచ.
పగటి పూట పళ్లెంల బువ్వ మూలకు జరిగింది,
నడుమ కూర కూసున్నది.
అమ్మ ఉంటె అనేది,
పళ్లెం తిరగేసి తింటున్నవేందిరా అని.

మొన్న మల్ల డ్యూటీకెక్కిన.
సేటు నడిగిన,
ఒక్క బస్తా ఊక తీసి ఇడిసిపెడత,
పాలిష్‌కు పంపనని.
"ఆ మట్టిరంగు బియ్యం ఎవడు కొంటడయ్యా?"
"నేను."
పెంటయ్య ఎనకనుంచి, "నాకో అయిదు కిలలు."
సేటు మా ఇద్దరి మొఖాలు చూసిండు,
లెక్కల బుక్కు తెరిసి ఎక్కడ రాయాలె తెల్వక
అట్ట మీద రాసిండు.

బెల్టు మొదలైంది.
పాలిషర్ కింద చెయ్యి పెట్టిన.
తవుడు ఎచ్చగ పడ్డది, లేగదూడ మూతి లెక్క.
ఇన్నేండ్లు షిఫ్టు దిగంగనె
తువ్వాలతోని దులుపుకున్న దుమ్ము.
ఈసారి దులుపుకోలే.
చిటికెడు నోట్లేసుకున్న.

జర తియ్యగుంది.